నా నిచ్చెన తలకిందులైన శనివారం: రిక్కార్టన్ నుంచి క్రామ్‌వెల్ దాకా

ఈ ప్రయాణం నేను కొండల కోసం చేయలేదు, చెరువుల కోసం చేయలేదు, ఏప్రిల్ చివర్లో పసుపెక్కే చెట్ల కోసమైతే అసలే చేయలేదు. దారిలో అవన్నీ ఉన్నాయి, చూశాను, ఫొటోలు కూడా తీశాను. కానీ తెల్లవారుజామున అయిదున్నరకు నన్ను మంచం మీద నుంచి లేపింది లియెన్ ఆంటీ. యాభై ఎనిమిదేళ్ల ఆ చైనా ఆవిడకు ఆ శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు ఒక పరీక్ష ఉంది. నెగ్గితే గైడు ఉద్యోగం. నెగ్గకపోతే మళ్లీ హోటల్ వంటగది వెనక గిన్నెలు కడిగే తొట్టి. ఆమెకు ఇంగ్లీషు నేర్పింది నేను కాబట్టి, సగం పరీక్ష నాదే అనుకున్నాను. సగం కాదని తర్వాత తెలిసింది.

ముందుగా నా గురించి రెండు ముక్కలు. వరంగల్ నుంచి చదువుకోవడానికి వచ్చి, క్రైస్ట్‌చర్చ్‌లోనే సెటిల్ అయిపోయిన దాన్ని. రిక్కార్టన్‌లో ఒక హాల్లో సాయంత్రాలు పెద్దవాళ్లకు ఇంగ్లీషు చెబుతాను. క్లాసులో పదకొండు మంది, అందరూ చైనీస్ మాట్లాడేవాళ్లే. పగలు యూనివర్సిటీలో థీసిస్ రాస్తాను. చైనీస్ మాట్లాడేవాళ్లు ఇంగ్లీషు కాలాలను ఎలా పట్టుకుంటారు, ఎక్కడ జారవిడుస్తారు అన్నదే నా విషయం. అంటే ఈ సంగతి నాకు తెలిసినంతగా ఊళ్లో ఇంకెవరికీ తెలియదని ఆ శనివారం ఉదయం వరకు గట్టిగా నమ్మాను. నాకు కొంచెం పొగరు ఉంది, దాచుకోను.

లియెన్ ఆంటీ ఎనిమిది నెలల పాటు నా క్లాసుకు వచ్చి, హోటల్ పని కోసం క్రామ్‌వెల్‌కు మారింది. ఆ తర్వాత వారానికోసారి ఫోన్లో వీడియో క్లాసు. క్రామ్‌వెల్‌కు ఇరవై నిమిషాల దూరంలో ఒక పొలంలో పాత రాతి గుడిసెలు ఉన్నాయి. నూటయాభై ఏళ్ల కిందట బంగారం తవ్వడానికి చైనా నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్నవి. పొలం యజమాని గ్రేమ్ శనివారాలు జనాన్ని అక్కడ నడిపిస్తూ కథ చెబుతాడు. మోకాళ్లు నొప్పులు మొదలయ్యాక గైడు కావాలని బోర్డు పెట్టాడు. ఆంటీ వెళ్లి నిలబడింది. "పదేళ్లుగా ఈ దేశంలో నేను తలుపు వెనకే ఉన్నాను టీచర్. ఒక్కసారి ముందు నిలబడి మాట్లాడాలని ఉంది," అని నాకు ఫోన్ చేసింది.

మూడు వారాల కిందట మొదటి ట్రయల్ జరిగింది. ముసలాయన ఇక్కడ ఉంటాడు, అన్నం వండుకుంటాడు, ఇంటి నుంచి ఉత్తరం కోసం ఎదురుచూస్తాడు అని ఆంటీ చెప్పుకుంటూ పోయింది. అంతా ఇప్పుడు జరుగుతున్నట్టే చెప్పింది. వచ్చినవాళ్లలో ఒక కుటుంబం పాపం బాగా మర్యాదస్తులు. గుడిసె తలుపు దగ్గర ఆగి, లోపలికి వస్తే ఆయన ఏమీ అనుకోడు కదా అని అడిగారట! గ్రేమ్ నవ్వలేదు. "నీ గొంతు బాగుంది, నీకు ఈ చోటు మీద ప్రేమ ఉంది. కానీ ఎవరు చచ్చిపోయారో, ఎవరు బతికున్నారో వినేవాళ్లకు తెలియాలి కదా," అన్నాడు. ఇంకొక్క అవకాశం ఇచ్చాడు. ఈసారీ తడబడితే ఆ పనికి ఒక కాలేజీ కుర్రాణ్ణి పెట్టుకుంటానని సూటిగా చెప్పేశాడు.

నేను వెళ్లింది రఫీ భాయ్ వ్యాన్లో. హైదరాబాద్ మలక్‌పేట మనిషి, రిక్కార్టన్‌లో కిరాణా కొట్టు నడుపుతాడు, శనివారాలు క్రామ్‌వెల్ దాకా హోటళ్లకు బియ్యం, మసాలాలు, కరివేపాకు దించి వస్తాడు. బస్సులో అయితే క్రామ్‌వెల్‌కు దాదాపు ఏడు గంటలు. టికెట్ ముందుగా తీసుకుంటే చవక, ఆఖరి రోజు తీసుకుంటే ఏడుపొస్తుంది. సొంత కారైతే నాలుగు వందల కిలోమీటర్లకు పైనే, ఆగుతూ వెళ్తే ఆరు గంటలు పెట్టుకోండి. రఫీ భాయ్ డీజిల్‌కు డబ్బు తీసుకోడు, దారిలో టీలు మాత్రం నేనే ఇప్పించాలి, అదీ మా ఒప్పందం. నేను చంకలో తెల్ల బోర్డు పెట్టుకుని వ్యాన్ ఎక్కగానే మొదలుపెట్టాడు.

"ఏంది చెల్లె, గింత పొద్దుగాల గా బోర్డెందుకు?"

"ఆంటీకి ఆఖరి సారి నిచ్చెన చూపెట్టాలె భాయ్."

"నిచ్చెనా? గోడ దునుకుతదా ఆమె?"

ఊకో భాయ్ అని కసిరి, చెప్పాను. ఈ నిచ్చెన నా సొంత ఆలోచన, క్లాసులో నాకు పేరు తెచ్చింది కూడా. బోర్డు మీద నిచ్చెన గీస్తాను. కింది మెట్టు అయిపోయిన కాలం. మధ్య మెట్టు ఇప్పుడు. పై మెట్టు రాబోయేది. దానికి తగ్గ చేతి సైగలు కూడా ఉన్నాయి: చెయ్యి కిందికి దించితే జరిగిపోయింది, నడుము దగ్గర అడ్డంగా ఊపితే జరుగుతోంది, పైకెత్తితే జరగబోతోంది. మాట్లాడేటప్పుడు నేను సైగ చేస్తే చాలు, వాళ్లు మాట మార్చుకోవాలి. ఈరోజు నా ఎత్తుగడ కూడా అదే. జనం వెనక నిలబడి ఆంటీకి సైగలు చేస్తాను.

రంగిటాటా నది దాటి కుడివైపు జెరాల్డీన్ దారి పట్టేసరికి ఏడు దాటింది, పొలాల మీద మంచు పొగలా లేచి వెలుగు వచ్చింది. జెరాల్డీన్‌లో కాఫీ, చీజ్ స్కోన్ ఇద్దరికీ కలిపి ఇరవై నాలుగు డాలర్లు అయ్యాయి. రఫీ భాయ్‌కు నా థీసిస్ మీద ఎప్పుడూ లేనంత ఆసక్తి కలిగింది. దారి పొడవునా నిద్ర రాకుండా ఉండటానికేమో అని నా అనుమానం.

"ఇంతకు ఆమెకు ఏం కష్టం చెల్లె? నిన్న పోయిండు, రేపు పోతడు, అంతే గదా!"

"వాళ్ల భాషల క్రియ మొహం మారదు భాయ్. నిన్న అని ముందుగాల చెప్పేస్తే అయిపాయె, తర్వాత పోవుడు పోవుడే. పని అయిపోయిందా, ఇంకా నడుస్తున్నదా, ఎప్పుడన్న ఒకసారి చేసి చూసినమా, గిది మాత్రం ఒక చిన్న మాట తగిలించి చెప్తరు."

"మరి మనకు గూడ రోజూ వస్తడు, రేపు వస్తడు ఒక్కటే గదా. మన మీద ఎవడన్న థీసిస్ రాసిండా?"

అంగడి నడిపేవాళ్లకు ఇలాంటివి ఎక్కడ తడతాయో తెలియదు. కానీ చెప్పాల్సింది ఒకటి ఉంది, ఇది నిజంగా నాకు ముచ్చటైన సంగతి. నేర్చుకునేవాళ్లు కాలాన్ని గంపగుత్తగా పట్టుకోరు. ఠక్కున ముగిసిపోయే పనులు ముందు దారికొస్తాయి: చచ్చిపోయాడు, దొరికింది, విరిగింది, వెళ్లిపోయాడు. తవ్వడం, పరిగెత్తడం లాంటి సాగే పనులు 'జరుగుతోంది' రూపంలో తొందరగా అలవాటవుతాయి. ఉండటం, కోరుకోవడం, బెంగపడటం లాంటివి ఆఖరున, మొండికేసి, ఎప్పటికో వస్తాయి. ఆంటీ కూడా అంతే. ముసలాయన చచ్చిపోయాడు అని సరిగ్గా చెబుతుంది, ఆ వెంటనే ఆయనకు ఇంటి మీద బెంగ అని బతికున్నట్టు చెబుతుంది. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఏమిటంటే, నా సైగ చూడగానే ఆమె రెండు క్షణాలు ఆగిపోతుంది. మాతృభాషలో కాలం లేదు కాబట్టి ఈ ఆలస్యం అని నా థీసిస్ నోట్సులో రాసి, కింద గీత కూడా గీశాను.

టెకపోలో పావుగంట ఆగాం, ఒక హోటల్‌కు రెండు బియ్యం బస్తాలు దించాలి. చెరువు రంగు గురించి అందరూ రాసేశారు, నేను రాయను. తర్వాత పుకాకి చెరువు దగ్గర అవురాకి శిఖరం ఒక్క మబ్బు లేకుండా కనిపించింది. రఫీ భాయ్ ఏడేళ్లుగా ఈ దారిన వస్తున్నాడు, అయినా వ్యాన్ పక్కకు ఆపి దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, "మాషా అల్లా," అని మళ్లీ ఎక్కాడు. ఓమరామాలో డీజిల్ పోయించుకున్నాం. అక్కడి నుంచి లిండిస్ కనుమ. ఎండిన గడ్డి తప్ప ఏమీ లేని గుండ్రటి కొండలు, ఫోన్ సిగ్నల్ కూడా లేదు. ఆ నిశ్శబ్దంలో నాకు భయం మొదలైంది. ఆంటీ ఓడిపోతే ఏం చెప్పాలి? పదేళ్ల తర్వాత ఒక మనిషి తలుపు ముందుకు వచ్చి నిలబడితే, నేను నేర్పిన చదువు ఆమెను మళ్లీ లోపలికి తోసేస్తే?

పదకొండున్నరకు క్రామ్‌వెల్ చేరాం. రోడ్డు పక్కన ఇంటెత్తు పళ్ల బొమ్మలు కనిపించాయంటే ఊరు వచ్చినట్టే. ఆంటీ హోటల్ ముందే నిలబడి ఉంది. నీలం కోటు వేసుకుని, నున్నగా తల దువ్వుకుని, చేతిలో నా క్లాసు నోటుబుక్కు పట్టుకుని ఉంది. గిన్నెలు తోమే పొడికి పగిలిన వేళ్లకు ఏదో పూత రాసుకుంది. రఫీ భాయ్‌ను పరిచయం చేస్తే రెండు చేతులతో సంచీ నిండా యాపిల్ పళ్లు ఇచ్చింది. నాకు మాత్రం ఒకటే మాట చెప్పింది: "టీచర్, రాత్రంతా నిచ్చెన చదివాను."

ముగ్గురం వ్యాన్లో పొలానికి వెళ్లాం, పన్నెండు ముప్పావుకు గేటు దగ్గర రిహార్సల్ పెట్టాను. పొలం గేటు, కారు పార్కింగ్ కొండ కింద ఉంటాయి. గుడిసెలు అయిదు, వాగు పక్కనే ఒకదానికన్నా ఒకటి ఎత్తులో కొండ పైదాకా ఉన్నాయి. గ్రేమ్ ఎప్పుడూ కింది గుడిసెతో మొదలుపెట్టి పైకి ఎక్కిస్తాడు. రఫీ భాయ్‌ను, వ్యాన్‌ను జనం అనుకోమని ఆంటీకి చెప్పి, నేను వ్యాన్ పక్కన నిలబడ్డాను. ఆమె మొదలుపెట్టింది. నేను చెయ్యి కిందికి దించాను. ఆమె ఆగింది. కళ్లు పైకి వెళ్లాయి, పెదాలు కదిలాయి, చివరికి "హీ విల్..." అంది. చచ్చి నూరేళ్లయిన మనిషిని రేపటికి పంపించింది! మళ్లీ చెప్పించాను. మళ్లీ అదే. నాలుగోసారికి నాకు తిక్క లేచింది.

"ఆంటీ, కిందికి చూపిస్తున్నాను కదా! ఎన్నిసార్లు చూపించాలి?"

అరిచేశాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అరిచాను. ఆమె సారీ టీచర్ అని తల దించుకుంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. రఫీ భాయ్ నన్నొక చూపు చూసి, ఫ్లాస్కులోంచి టీ పోసి ఆమె చేతికిచ్చాడు. నన్ను పక్కన పెట్టి, వచ్చీరాని ఇంగ్లీషులో కబుర్లు మొదలెట్టాడు. పిల్లలెందరు అని అడిగాడు. ఒక్క కూతురు, ఆక్లాండ్‌లో ఆల్బనీలో ఉంటుందని చెప్పింది. ఎప్పుడు వస్తుంది అని అడిగాడు. వచ్చే నెల అని ఆమె జవాబు. మరి మీరు ఈ దేశం ఎప్పుడొచ్చారు అంటే, చాలా ఏళ్లయింది అని జవాబు. టీ తాగడం అయ్యాక రఫీ భాయ్ నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు.

"చెల్లె, ఆంటీ చెయ్యి చూసినవా నువ్వు?"

"ఏమైంది?"

"బిడ్డ వచ్చే నెల వస్తదని చెప్పేటప్పుడు చెయ్యి మోకాలి కాడికి పోయింది. ఎన్కటి ముచ్చట చెప్పేటప్పుడు నెత్తి మీదికి లేచింది. ఈమె నిచ్చెన ఉల్టా ఉన్నట్టుంది."

వెంటనే ఆంటీ దగ్గరికి వెళ్లాను. పుల్ల తీసుకుని నేల మీద మీ నిచ్చెన మీరు గీయండి ఆంటీ అన్నాను. ఆమె నా మొహం చూసి భయపడుతూనే గీసింది. గడిచిపోయిన వారం పైన. ఈ వారం మధ్యలో. వచ్చే వారం కింద. వాళ్ల భాషలో పోయిన వారం అంటే పై వారమట, వచ్చే వారం అంటే కింది వారమట. వాళ్ల అమ్మమ్మగారి ఇంట్లో వంశం పేర్లు రాసిన పుస్తకం ఉండేదట, ముత్తాతలు కాగితం పైన, పిల్లలు కింద. కాలం కొండ మీద నుంచి నీళ్లలా దిగి వస్తుంది, ఇందులో అడగాల్సింది ఏముంది అన్నట్టు చూసింది.

మరి నా నిచ్చెన ఎక్కడిది? మా నాన్న దగ్గరిది. సైకిలు అడిగితే "పై ఏడు చూద్దాం" అనేవాడు. పై నెల అంటే రాబోయే నెల, పై క్లాసు అంటే తర్వాతి క్లాసు. కాలం అంటే మెట్లెక్కడమే అని నా ఎముకల్లో ఉంది. దాన్ని తెచ్చి పదకొండు మంది చైనా పెద్దమనుషుల ముందు, ఇదే ఇంగ్లీషు అన్నంత ధీమాగా బోర్డు మీద గీశాను. ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు ఎవరూ గీయని నిచ్చెన అది. చైనా వాళ్లందరికీ కాలం ఇలాగే పైనుంచి దిగుతుందని నేను ఒట్టేసి చెప్పను, వాళ్లకూ వెనకాముందూ ఉన్నాయి. కానీ నా ముందున్న ఈ ఒక్క మనిషి చెయ్యి మాత్రం ఎనిమిది నెలలుగా నాకు నిజం చెబుతూనే ఉంది, నేను చూడలేదు.

"ఇన్ని నెలలు నాకెందుకు చెప్పలేదు ఆంటీ?"

"టీచర్ బోర్డు మీద గీసింది. టీచర్ గీసినదాన్ని తప్పని ఎలా అంటాను?"

నోటుబుక్కు తెరిచి చూపించింది. నా నిచ్చెనను స్కేలు పెట్టి ఎంత చక్కగా ఎక్కించుకుందో! దాని పక్కన పెన్సిలుతో సన్నగా, తలకిందులుగా ఒక బాణం ఉంది. చదివేటప్పుడు పుస్తకం తిప్పి పట్టుకునేదట. మాట్లాడేటప్పుడు తిప్పడానికి పుస్తకం ఉండదు కాబట్టి, బుర్రలో తిప్పుకునేదట. ఆ రెండు క్షణాల ఆలస్యం అదీ! చైనీస్ భాష మీద గీత గీసి మరీ మోపిన నేరం నాది. క్లాసులో మిగతావాళ్లు కూడా అంతేనా అని అడిగితే, టీ విరామంలో అందరూ దాని గురించి మాట్లాడుకునేవారని, ఇంగ్లీషు వాళ్లు వింత మనుషులని అనుకునేవారని ఒప్పుకుంది. నేను వ్యాన్‌కు ఆనుకుని కూర్చుండిపోయాను. సారీ ఆంటీ అని రెండు చేతులూ పట్టుకున్నాను, నిజంగా అన్నాను. ఆమెకు నా సారీ కంటే కొండ మీద ధ్యాస ఎక్కువగా ఉంది.

"టీచర్, పైనుంచి మొదలుపెడితే?"

ఒకటిన్నరకు గ్రేమ్ వచ్చాడు. అరవై దాటిన పొడుగాటి మనిషి, అంచులు చిరిగిన టోపీ పెట్టుకున్నాడు. విషయం చెబితే మొహం చిట్లించాడు. నేను ఎప్పుడూ కింది నుంచే చూపించాను, ముందే కొండ ఎక్కిస్తే సగం మంది మధ్యలో కూలబడతారు అన్నాడు. ఆంటీ వెనక్కి తగ్గలేదు. మొదట వచ్చినవాళ్లు పై గుడిసెలో ఉన్నారు, ఆఖరి మనిషి కింది గుడిసెలో ఉన్నాడు, కాబట్టి కథ దిగి రావాలి, ఎక్కకూడదు అంది. రఫీ భాయ్ వెంటనే బ్యాగులన్నీ నేను మోస్తానని చెయ్యెత్తాడు. గ్రేమ్ ముగ్గురినీ మార్చి మార్చి చూసి, భుజాలెగరేసి, "నీ టూరు, నీ ఇష్టం," అన్నాడు.

జనం ఎనిమిది మంది వచ్చారు. మనిషికి ముప్పై అయిదు డాలర్ల టికెట్, నడక గంటన్నర. ఆంటీ వాళ్లకు దండం లాంటిది పెట్టి, ఎక్కేటప్పుడు కథ ఉండదు, ఊపిరి మాత్రమే ఉంటుంది అని చెప్పింది. ఒకావిడ నవ్వింది. పొలం బండ్లు తిరిగే వంకర దారిలో పావుగంట ఎక్కాం. రఫీ భాయ్ అయిదు బ్యాగులు తగిలించుకుని, నా ఊపిరి ఎటుపోయిందని ఉర్దూలో దేవుణ్ణి అడుగుతూ వచ్చాడు. పైన గుడిసె అంటే మోకాలెత్తు రాతిగోడ, లోపల గడ్డి. అక్కడ నిలబడి ఆంటీ కింద లోయ మొత్తాన్ని ఒకసారి చూసింది. నేను జనం వెనక నిలబడ్డాను.

ఆమె మొదలుపెట్టింది. మొదట వచ్చిన ఆరుగురు. ఇతరులు తవ్వి వదిలేసి పోయిన రాళ్లగుట్టల్ని వాళ్లు మళ్లీ జల్లించారు. చలికి వాళ్ల నీళ్ల బకెట్లు గడ్డకట్టాయి. వాళ్లు ఇక్కడ ఉండేవారు. ఉండేవారు! నాలుగు నెలలు కుస్తీ పట్టిన ఆ మాట పాలమీగడలా వచ్చింది. రెండో గుడిసె దగ్గర ఒక్కసారి తట్టుకుంది. వాళ్లు ఇంటికి వెళ్లాలని కోరు... అని ఆగి నా వైపు చూసింది. నా చెయ్యి అలవాటుగా కిందికి పోబోయింది. పళ్లు బిగించి పైకెత్తాను. మా నాన్న, మా స్కూలు, ముప్పై మూడేళ్లు కలిసి ఆ చేతిని కిందికి గుంజాయి. ఆంటీ ఆ చెయ్యి చూసి, క్షణం కూడా ఆగకుండా "దే వాంటెడ్ టు గో హోమ్," అంది. ఆ తర్వాత నా వైపు ఇంక చూడలేదు. నాకు కొంచెం చివుక్కుమంది, చాలా గర్వంగా కూడా అనిపించింది. చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.

మూడో గుడిసె, నాలుగో గుడిసె. ఒక్కో గుడిసెకు మనుషులు తగ్గుతూ వచ్చారు. కొందరు ఊరికి తిరిగి వెళ్లారు, కొందరు పోయారు. తప్పులు లేవని కాదు, ఒకచోట ఆయనకి కుక్క ఉంది అని చెప్పింది, ఎవరూ కుక్క కోసం వెతకలేదు. వినేవాళ్లు మాట్లాడుకోవడం మానేశారు. కొండ దిగుతుంటే కాలం కూడా మా పక్కనే దిగుతోందని, గేటు దగ్గర కనిపిస్తున్న కార్లు ఇవాళ్టివని చిన్నపిల్లలకు కూడా తెలుస్తోంది. కింది గుడిసె ముందు ఒక ఆప్రికాట్ చెట్టు ఉంది, ఆకులన్నీ పసుపు. ఆఖరి మనిషి ఒంటరిగా ఇక్కడే ముసలివాడయ్యాడట. ఆంటీ చెట్టు మీద అరచెయ్యి ఆనించి, మూడు చిన్న మాటలు చెప్పింది.

"హీ ప్లాంటెడ్ దిస్ ట్రీ. హీ డైడ్. ఇట్ ఈజ్ స్టిల్ గ్రోయింగ్."

నాటడం అయిపోయింది, మనిషి అయిపోయాడు, చెట్టు మాత్రం ఇంకా పెరుగుతోంది. నా థీసిస్‌లో రెండు అధ్యాయాలు పట్టే సంగతిని ఆవిడ మూడు ముక్కల్లో చెట్టు మీద చెయ్యి వేసి చెప్పేసింది. ఎక్కేముందు నవ్విన ఆవిడ ముక్కు తుడుచుకుంది. రఫీ భాయ్ అటు తిరిగి నిలబడ్డాడు.

అప్పటిదాకా నోరు విప్పని గ్రేమ్ అప్పుడు అడిగాడు, కావాలనే అడిగాడు. మూడు వారాల కిందట ఆ కుటుంబం అడిగిన ప్రశ్న లాంటిదే. "మరి, ఇప్పుడు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?"

ఆంటీ కొండ పైకి చూసింది. పై గుడిసె దాకా చూసి, మెల్లగా కళ్లు దించుకుంటూ తన బూట్ల దాకా వచ్చింది.

"దే లివ్డ్ హియర్," అంది. "నౌ ఐ వర్క్ హియర్."

ఎవరూ ఇంకా ఆమెకు ఉద్యోగం ఇవ్వలేదు! గ్రేమ్ టోపీ తీసి, బుర్ర గోక్కుని, మళ్లీ పెట్టుకున్నాడు. "యే," అన్నాడు. "ఐ రెకన్ యూ డూ." అవును, ఇక నీ పని ఇక్కడే అని. ఎనిమిది మందీ చప్పట్లు కొట్టారు. నేనైతే ఈల వేశాను, వరంగల్‌లో సినిమా హాల్లో కూడా ఎప్పుడూ వేయలేదు. తన ఒంటి మీది ఆకుపచ్చ జాకెట్ విప్పి గ్రేమ్ ఆమెకిచ్చాడు, చేతులు జానెడు పొడుగ్గా వేలాడాయి. వచ్చే శనివారం పదకొండు గంటలకు రాగలవా అని అడిగాడు. వచ్చే శనివారం, తప్పకుండా అంటూ ఆంటీ జాకెట్ చేతిలోంచి వేలు బయటికి తీసి గట్టిగా నేలకేసి చూపించింది. గ్రేమ్ ఏదో పడిపోయిందేమోనని వంగి తన బూట్ల చుట్టూ వెతికాడు. నేనూ రఫీ భాయ్ నవ్వాపుకోలేక వ్యాన్ వెనక్కి పరిగెత్తాం.

తిరుగు దారిలో లిండిస్ కనుమ మీద ఎండ వాలుతుంటే, ఇంతకాలం నేను వాళ్ల తప్పులు లెక్కపెట్టానే గానీ, వాళ్ల చేతులు ఎటు వెళ్తున్నాయో చూడలేదని ఒప్పుకున్నాను. సోమవారం క్లాసులో నా నిచ్చెన చెరిపేసి, మార్కర్ పెన్ను వాళ్లకే ఇచ్చి, మీ కాలం మీరే గీయండి అన్నాను. ముందు ఎవరూ లేవలేదు, టీచర్ బోర్డు కదా. తర్వాత ఒక పెద్దాయన లేచి నిలువునా ఒక గీత గీసి పై కొసన 'నిన్న' అని రాశాడు, మిగతా అందరూ ఊపిరి వదిలారు. థీసిస్ నోట్సులో ఆ గీత గీసిన వాక్యం కొట్టేసి, పక్కన నా పేరు రాసుకున్నాను. ఓడిపోయినట్టు లేదు, చాలా రోజుల తర్వాత ఒక పై క్లాసుకు వెళ్లినట్టు ఉంది.

మీరు వెళ్లేట్టయితే ఒక్క సలహా: శనివారం పదకొండు గంటల నడకకు వెళ్లండి, అరికాలు జారని బూట్లు వేసుకోండి, ఆకుపచ్చ జాకెట్ ఆంటీ ముందు నడుస్తుంటే ఎక్కేటప్పుడు ఏమీ అడగకుండా ఊపిరి దాచుకోండి. కథ పైన ఉంది, ఆవిడే దించుకొస్తుంది.